కదలని అమ్మవారు

జూన్ 15

వేలూరు నుంచి మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. రైల్లో మా ఆయన దేవనాథన్ ఒక్క ముక్క మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఇద్దరి మధ్య వేద కూర్చుని, ఎదురుసీటు ఆవిడను "మీ ఇంట్లో గ్రైండర్ పెద్దదా, టేబుల్ టాపా?" అని అడిగింది. పెద్దదే అని ఆవిడ చెప్పగానే "రాయి తిరుగుతుందా, గిన్నె తిరుగుతుందా?" అంది. కాట్పాడి దాటింది మొదలు పాకాల వచ్చేదాకా అదే మాట. ఆవిడ పాకాలలో దిగిపోయింది. ఆవిడ దిగాల్సిన ఊరు అదేనో కాదో నాకు అనుమానమే.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. లేకపోతే రేపటికల్లా నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను. డిస్‌ప్రాక్సియా అంది. చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి, బుర్రా బాగానే ఉంది, కానీ బుర్ర చెప్పే పని చేతులకు వరుసగా అందదట. అందుకే తొమ్మిదేళ్ళ పిల్ల గుండీలు పెట్టుకోలేదు, ఉన్న గుమ్మాన్నే రోజూ గుద్దుకుంటుంది, అన్నం కలిపితే సగం కంచం బయట పడుతుంది. దానికి తోడు ఆటిజం లక్షణాలు కొన్ని. "కొన్ని" అనే అంది. ఆ మాట నేను మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను.

మందు లేదు. ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలు చెప్పింది. "ఒంటరిగా ఉంచకండి. తోటి పిల్లలతో కలిసి చేసేది ఏదో ఒకటి చూడండి. ఏదైనా సరే, గుంపులో ఉండాలి" అంది. గుంపు అట! రైతుబజారులో కిలోల లెక్కన అమ్ముతారా గుంపు? బళ్ళో అంతమంది పిల్లలున్న క్లాసులోనే దీని పక్కన ఎవరూ కూర్చోరు.

సరే, చూస్తాను. నేను పూనుకుంటే కానిదేముంది?

జూన్ 23

కరాటే. మా వీధి చివర బడి మైదానంలో జయరామ్ అనే మాస్టారు ఆదివారాలు నేర్పిస్తాడు. తెల్లబట్టలు వేసుకుని వేద ఎంత మురిసిపోయిందో. "ఎడమ కాలు ముందుకు" అని ఆయన అరవగానే పిల్లలంతా దూకారు. ఇది వంగి తన కాళ్ళు రెండూ చూసుకుంది. ఎడమది ఏదో తేల్చుకునేసరికి వాళ్ళు వెనక్కి తిరిగి గుద్దులు మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు దీన్ని చూసి నవ్వాడు. ఇంకొకడు అచ్చం దీనిలాగే వంగి కాళ్ళు చూసుకున్నాడు. ఇక అందరూ అదే ఆట.

"మేడం, పాప మంచిదే. అయితే ఈ పాపను సూసి మిగతా పిల్లోళ్ళు నవ్వతా ఉండారు. నాకు క్లాసు నడవడంల్యా. కావాలంటే సాయంత్రం వచ్చి ఈమె ఒక్కదానికే విడిగా నేర్పిస్తా."

"విడిగా ఇంట్లోనే ఉంది కదండీ. దానికి మీరెందుకు?" అన్నాను. గొంతు పెద్దదయింది. పాపం ఆయన తప్పేముంది? ఇంటికొచ్చాక కూడా కోపం తగ్గలేదు, గిన్నెల మీద చూపించాను.

జూన్ 24

వేద నిన్నటి నుంచి కరాటే బట్టలు విప్పడం లేదు.

జూలై 9

భరతనాట్యం వాళ్ళు చూడకుండానే వద్దన్నారు. శ్లోకాల క్లాసువాళ్ళు మాత్రం కొన్నాళ్ళు ఉంచుకున్నారు. అందరూ ఆగినచోట వేద ఆగదు. అందరూ ఎత్తుకున్నప్పుడు ఎత్తుకోదు. "గొంతు మాత్రం చాలా బాగుందండీ" అని చెప్పి పంపించేశారు. నా కూతురి గొంతు బాగుంటుందని నాకు తెలియదా?

జూలై 21

పక్కవాటాలో ఉండే నర్సు సంతోషమ్మ ఉప్మా రవ్వకని వచ్చింది. వేద చేత బంతి పట్టించాలని నేను పడే అవస్థ చూసింది. బంతి దాని ఛాతీకి తగిలి కిందపడ్డాకే చేతులు దగ్గరికి వస్తాయి.

"మా చర్చిలో సండే స్కూలుకు పంపించండి అక్కా. పిల్లోళ్ళు పాడతారు, చప్పట్లు కొడతారు. తాళం తప్పినా ఆడ ఎవురూ ఏమీ అనరు" అంది.

"మా ఇంట్లో ఒప్పుకోరమ్మా" అన్నాను.

ఆమె "అవును కదా" అని నవ్వి రవ్వ తీసుకుని వెళ్ళిపోయింది. దేవనాథన్ దేవస్థానం ఆఫీసులో పనిచేసే మనిషి, మాది పొద్దున్నే నుదుట తిరుమణి నామం పెట్టుకునే ఇల్లు. ఒప్పుకోరన్నది నిజమే అయి ఉంటుంది. నేను అడగలేదు, అంతే.

ఆగస్టు 4

ఇవాళ వేద "నేనూ" అంది!

కల్యాణవల్లిగారని రిటైరైన టీచరు, ఆడపిల్లలకు కోలాటం నేర్పిస్తారు. ఐరాల, పాకాల, శ్రీకాళహస్తి, ఎక్కడ ఉత్సవం జరిగినా ఆమె బృందం ఉంటుంది. నేను పనిచేసే లైబ్రరీలో ఎవరో చెబితే ఆమె మేడ మీదికి తీసుకెళ్ళాను. పిల్లలు గుండ్రంగా తిరుగుతూ కోలలు కొడుతున్నారు. వేద గోడకు ఆనుకుని నిలబడింది. చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకునే పిల్ల, ఇవాళ మూసుకోలేదు. దాని వేళ్ళు ఆడుతున్నాయి. సంతోషం వచ్చినా భయం వేసినా అలాగే ఆడతాయి, ఇవాళ ఆ రెంటిలో ఏదో నాకు తెలుసు. ఉన్నట్టుండి "నేనూ" అంది. కరాటేకి నేను తీసుకెళ్ళాను, డాన్సుకి నేను తీసుకెళ్ళాను. అది అడిగింది ఇదొక్కటే.

నేను దాచకుండా అంతా చెప్పాను. వేలూరు, డాక్టరమ్మ, అన్నీ. కల్యాణవల్లిగారు విని, "దానికేముండాదమ్మా, కర్ర పట్టుకోనీ సూస్తాం. కోమలీ, ఇట్లా రా. ఈ పాపను నీ జతలో పెట్టుకో" అన్నారు.

కోమలి అనే ఆ పిల్లకు పదకొండేళ్ళుంటాయి. వేద దాన్ని గ్రైండర్ గురించి అడిగింది. కోమలి కాస్త ఆలోచించి, "మాకు గ్రైండర్ లేదు, రోలు ఉండాది" అని చెప్పింది. వేద నోరు తెరుచుకుని చూసింది. ఆ పిల్లంటే దానికి అక్కడే గురి కుదిరింది.

ఆగస్టు 25

ఒక కోపు వచ్చింది! కోపు అంటే కోలాటంలో అడుగులూ దెబ్బలూ కలిసిన ఒక వరుస. చాలా చిన్నది. కోమలి ఎదురుగా నిలబడి "పైన, కింద, నాది, నీది" అని నెమ్మదిగా చెబుతుంది. వేద నాలుక బయటపెట్టుకుని కొడుతుంది. ఇవాళ తప్పకుండా కొట్టింది. కర్రకు కర్ర తగిలిన చప్పుడుకు తనే ఉలిక్కిపడి, మళ్ళీ నవ్వింది.

ఇంటికొచ్చి నాతో ఆడించింది. నేను తప్పాను. "అమ్మా, నువ్వు కోమలిని అడిగి నేర్చుకో" అంది. దేవనాథన్ పడీపడీ నవ్వారు. ఈ ఇంట్లో ఆయన నవ్వు విని చాలా రోజులైంది. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సెప్టెంబరు 8

ఇవాళ జడకోపు నేర్పించారు. పైన కొక్కేనికి రంగురంగుల తాళ్ళు కడతారు. ఒక్కో పిల్ల ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ ఆడితే పైన జడ అల్లుకుంటుంది. వేదను పక్కన కూర్చోబెడతానని కల్యాణవల్లిగారు అన్నారు. నేనే, "ఒక్కసారి చూడండి టీచర్" అని బతిమాలాను.

దూరాల్సిన చోట వేద ఆగింది. ఆగాల్సిన చోట దూరింది. పైన తాళ్ళన్నీ ముడిపడిపోయాయి. పిల్లలు ఒక్కసారిగా అరిచారు. "ఆమె! ఆమె వల్లే!" వేద చెవులు మూసుకోబోయింది. చేతిలో కర్ర ఉన్న సంగతి దానికి గుర్తులేదు. ఆ కర్ర పక్కనున్న లోహితకు కనుబొమ్మ మీద తగిలింది.

లోహిత వాళ్ళమ్మ అక్కడే ఉంది. "మా పాప కన్ను పోయుంటే ఎవురమ్మా తెచ్చిచ్చేది? ఇట్లాంటి పిల్లను ఈడికి ఎందుకు తోలుకొస్తారు?" అని అందరి ముందూ అడిగింది. తక్కిన తల్లులు నేల చూపులు చూశారు. వాళ్ళు ఏమైనా అని ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

సెప్టెంబరు 10

లోహితకు వాపు తగ్గిందట. కుట్లేమీ పెద్దగా పడలేదు. రెండే.

సెప్టెంబరు 22

క్లాసుకు పోలేదు. వేద సాయంత్రం చెప్పులు వేసుకుని తలుపు దగ్గర కూర్చుంది. ఇవాళ లేదన్నాను. చీకటి పడేదాకా అక్కడే ఉంది.

సెప్టెంబరు 29

కల్యాణవల్లిగారే ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను. రావద్దని చెప్పడానికే వచ్చారనుకున్నాను.

"తల్లులంతా నా మీద పడినారమ్మా. ఆ పాప ఉంటే మా పిల్లల్ని మాన్పిస్తామంటా ఉండారు. అయినా పాపను వదిలేసేదానికి నాకు మనసు రాలేదు" అన్నారు. "కార్తీక మాసంలో పాకాలలో ఊరేగింపు ఉండాది. ట్రాక్టరు మీద పూలపందిరి వేసి, అమ్మవారి వేషంలో ఒక పాపను కూర్చోబెడతాం. ముందర మనోళ్ళు కోలాటం ఆడతా పోతారు. వేద మొహం కళగా ఉంటాది. ఊరికే కూర్చుంటే సాలు."

ఊరికే కూర్చుంటే చాలు. కాళ్ళకు మొక్కబోయాను, ఆమె పట్టుకుని లేపారు.

అమ్మవారి వేషమంటే మాటలా? ఎంతమంది తల్లులు అడుగుతారో దానికోసం. గుంపులోనే ఉంటుంది, అందరికంటే పైన ఉంటుంది. లోహిత వాళ్ళమ్మ కూడా దండం పెట్టాల్సిందే. రేపు లైబ్రరీలో అందరికీ చెప్పాలి.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక దేవనాథన్‌కు చెప్పాను.

"మరి కోలాటం?" అన్నారు.

"అదీ కోలాటంలో భాగమేనండీ."

"పాపకు చెప్పినావా?"

"చెబుతాను."

అక్టోబరు 6

ఇంకా చెప్పలేదు. దసరా సెలవుల్లో చెబుతాను.

అక్టోబరు 20

కుర్చీ మీద కూర్చోవడం నేర్పిస్తున్నాను. కాళ్ళు మడిచి, కుడిచెయ్యి అభయమిస్తున్నట్టు పైకి, ఎడమచెయ్యి వరమిస్తున్నట్టు కిందికి. కాళ్ళు ఫరవాలేదు. చేతులు నిలవవు. పైకెత్తిన చెయ్యి నెమ్మదిగా జారుతుంది, లేదా వేళ్ళు ఆడటం మొదలవుతుంది. "కదలకూడదు" అంటాను. "నేను కదలలేదు, చెయ్యి కదిలింది" అంటుంది. ఆ మాటకు మొదట నవ్వొచ్చింది. పదోసారికి రాలేదు.

దసరా సెలవులు అయిపోయాయి.

నవంబరు 10

చెప్పాను. "ముందు నువ్వు అమ్మవారిగా కూర్చోవాలి" అన్నాను.

"తర్వాత కోమలితో కోపు ఆడాలా?"

"తర్వాత చూద్దాం."

చెప్పినట్టే కదా. అబద్ధమేమీ ఆడలేదు.

నవంబరు 23

రేపే పాకాల. సంచి సర్దుతుంటే అడుగున దాని కోలలు కనిపించాయి. అదే పెట్టుకుంది. తీసేద్దామనుకున్నాను. మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో తెలియక అలాగే వదిలేశాను.

నవంబరు 24

దేవుడి దయవల్ల అంతా బాగా జరిగింది. ఇంత బాగా జరుగుతుందని నేను కూడా అనుకోలేదు.

దేవనాథన్‌కు డ్యూటీ, రాలేకపోయారు. వ్యానులో పిల్లలతోనే వెళ్ళాం. వేద కిటికీ పక్కన కోమలి దగ్గర కూర్చుంది. పాకాలలో గుడి వెనక గదిలో అలంకారం చేశారు. ఎర్ర పట్టుచీర, కిరీటం, పూలదండలు. జరీ గుచ్చుకుంటుందని ముందే లోపల మెత్తటి చొక్కా వేసి తీసుకెళ్ళాను. ఆ మాత్రం నాకు తెలుసు. పూలపని చేసే కుప్పయ్య అని పెద్దాయన, కుర్చీ వెనక నుంచి ఒక కడ్డీ పెట్టి కుడిచేతికి ఆసరా కట్టాడు. ఎక్కువసేపు ఎత్తి ఉంచాలి కదా. నేనూ కొంచెం సవరించాను.

ఊరేగింపు కదిలాక నేను ట్రాక్టరు పక్కనే నడిచాను. లైట్ల వెలుగులో దాని మొహం చూడాలి! నిజంగా అమ్మవారే. ముసలమ్మలు ట్రాక్టరుకు దండం పెట్టారు. ఒకావిడ పసిబిడ్డను ఎత్తి దాని పాదాలకు ఆనించింది. వేద కదల్లేదు. ముందు పిల్లలు కోలాటం ఆడుతుంటే వాళ్ళనే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి "అమ్మా, ఇప్పుడా?" అంది. "ఇంకొంచెం సేపు" అన్నాను. మళ్ళీ ఒకసారి అడిగినట్టుంది. డప్పుల మోతలో సరిగా వినపడలేదు.

లోహిత వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి "పాప ఎంత బుద్ధిగా కూర్చునిందక్కా! మా లోహిత అయితే అట్లా కూర్చోదు" అంది. ఆ మాట కోసం ఎన్ని నెలలు ఎదురుచూశానో నాకే తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు వేద ఎవరినీ గ్రైండర్ గురించి అడగలేదు. అలిసిపోయింది.

నవంబరు 25

వీడియో అందరికీ పంపాను. దేవనాథన్ ఫోనులో చూసి, ఆపి, మళ్ళీ మొదటి నుంచి చూశారు.

"చెయ్యి అంతసేపు ఎట్లా ఎత్తి పెట్టుకునింది ప్రియా?"

"బాగా సాధన చేయించాను కదండీ."

రాత్రి భోజనాల దగ్గర వేద కంచం అందుకుంటుంటే మణికట్టు చూశారు. "ఈ గీతలేంది?" అన్నారు.

"గాజులు బిగుతయ్యాయి" అన్నాను. వేద నా మొహం చూసింది. అది అబద్ధాలు చెప్పదు, చెప్పడం రాదు. కానీ ఎవరూ దాన్ని అడగలేదు.

నవంబరు 26

ఆసరా అని రాశాను. చదువుకుంటే నాకే ఒళ్ళు మండింది. ఎవరు చూస్తారని ఇక్కడ కూడా దాచడం?

కుప్పయ్య కట్టింది ఆసరాయే. తడి అరటినారతో వదులుగా ఒక చుట్టు చుట్టి, "ఊరికే ఆనుకునేదానికేనమ్మా. చిన్నపిల్లోళ్ళకు ఎవురికైనా ఇట్లే కడతాం. లాగితే ఊడొచ్చేస్తాది, భయంలేదు" అన్నాడు.

అలాగే ఊడొచ్చింది. ట్రాక్టరు ఇంకా కదలలేదు. ముందు పిల్లలు వరుసలో నిలబడ్డారు, డప్పు మొదలైంది. వేద కోమలిని చూసింది. అంతే, రెండు చేతులూ బయటికి వచ్చేశాయి, వేళ్ళు ఆడుతున్నాయి, కిరీటం పక్కకు ఒరిగింది. జనంలో ఎవరో నవ్వారు. లోహిత వాళ్ళమ్మ ఫోను పైకెత్తి తీస్తోంది.

నేను ట్రాక్టరు ఎక్కాను. దండలు కట్టగా మిగిలిన అరటినార పళ్ళెంలో ఉంది. కుడిచేతిని కడ్డీకి కట్టాను. ఎడమచేతిని కుర్చీకి కట్టాను. గట్టిగా కట్టాను. పైన పూలదండ కప్పాను. కుప్పయ్య కింద నుంచి "అమ్మా, అంత బిగువు వద్దమ్మా" అన్నాడు. విననట్టే ఉన్నాను.

"నొప్పి అమ్మా" అంది వేద.

"అమ్మవారికి నొప్పి ఉండదు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. నా నోటితో, దాని చెవిలో, నవ్వుతూ అన్నాను. కింద అందరూ చూస్తున్నారు మరి.

దిగేసరికి నార ఎండి బిగిసిపోయింది. విప్పడానికి రాలేదు. కుప్పయ్య బ్లేడుతో కోశాడు. నా వైపు ఒకసారి చూశాడు. వేద "ఇప్పుడా?" అని అడిగింది. అప్పటికి పిల్లలు కోలలు సంచుల్లో పెట్టేసి ప్యాకెట్ల పులిహోర తింటున్నారు.

అది "నొప్పి" అని అరిచి ఉంటే నేను విప్పేదాన్ని. అరవలేదు.

విప్పేదాన్నేనా?

నవంబరు 30

గీతలు పోయాయి.

డిసెంబరు 2

దేవనాథన్‌కు చెప్పేశాను. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచారు. కొడతారేమో అనుకున్నాను. ఆయన ఎప్పుడూ కొట్టింది లేదు. కొడితే బాగుండుననిపించింది.

"ఇంకోసారి అట్లా చెయ్యొద్దు" అన్నారు. తర్వాత అటువైపు తిరిగి, "వాళ్ళు రమ్మంటా ఉండారు కదా. ఒక చోటంటూ దొరికింది కదా దానికి" అన్నారు.

నేను కూడా అదే అనుకుంటున్నానని ఆయనకు తెలుసు.

డిసెంబరు 8

క్లాసుకు వెళ్ళాం. మెట్లు ఎక్కుతుండగానే పిల్లలు "అమ్మవారు వచ్చింది, అమ్మవారు వచ్చింది" అని ఎదురొచ్చారు. లోహిత కూడా వచ్చింది. ఒక పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వేద పేరు ఎవరూ పిలవలేదు. అయినా దాని మొహంలో వెలుగు నేను చూశాను. ఎప్పుడైనా ఎవరైనా ఎదురొచ్చారా దానికి?

మేడ చివర దానికోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి పెట్టారు. వెళ్ళి కూర్చుంది. కాళ్ళు మడుచుకుంది, ఒక చెయ్యి పైకెత్తింది, ఒక చెయ్యి దించింది. ఎవరూ చెప్పలేదు. కోమలి వచ్చి "వేదా, కర్ర పట్టుకో, మన కోపు ఆడదాం" అని పిలిచింది. ఆ ఒక్క పిల్లకే పేరు గుర్తుంది.

"అమ్మవారు ఆడకూడదు" అంది వేద.

కోమలి నా వైపు చూసింది. నేను ఫోను చూసుకున్నాను.

డిసెంబరు 12

కల్యాణవల్లిగారింటికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆదివారం శ్రీకాళహస్తిలో కార్యక్రమం ఉంది. "టీచర్, వేషం వద్దు. చివర్లో ఒక్క కోపు, కోమలితో ఆడనివ్వండి. పక్కన, ఎవరికీ అడ్డం లేకుండా. తప్పితే తప్పుతుంది" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "ఆడ జనం ముందర తప్పితే మళ్ళీ తల్లులు నా మీదికి వస్తారమ్మా. కర్రతో అయితే నేను రానియ్యలేను. అమ్మవారిగా అయితే ఎప్పుడైనా, యాడికైనా తోలుకుపోతా. నీ బిడ్డకు ఒక చోటు దొరికింది. చేజేతులా పోగొట్టుకోవద్దు" అన్నారు. మంచి మనిషి. నిజంగానే మంచి మనిషి. దాని మీద ప్రేమతోనే చెప్పారు.

తప్పు అంతా ఆమెదే అయితే ఎంత బాగుండేదో.

డిసెంబరు 14

వెళ్ళడం లేదు. రేపు పొద్దున వేదకు చెబుతాను. ఈసారి వాయిదా వేయను.

డిసెంబరు 15

పొద్దున్నే చెప్పాను. తల దువ్వుతూ చెప్పాను. "ఇంక అమ్మవారి వేషం లేదు వేదా. శ్రీకాళహస్తికి మనం పోవడం లేదు. నిన్ను ఇంకెప్పుడూ ఎవరూ కట్టరు. నేనూ కట్టను" అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. క్షమించమని కూడా అడిగాను. వింటోందో లేదో తెలియలేదు. దువ్వెన పళ్ళను వేలితో గీరుతూ కూర్చుంది.

"వ్యాను వస్తుందా?" అంది.

"వస్తుంది. వాళ్ళు వెళ్ళిపోతారు. మనం ఇంట్లో ఉందాం."

"నన్ను ఎందుకు రానివ్వరు?"

"రానివ్వరని కాదమ్మా. మనమే వద్దనుకున్నాం."

"నేను అనుకోలేదు" అంది.

జడ అల్లి రిబ్బను కట్టాను. టిఫిను చేయడానికి లోపలికి వెళ్ళాను. దోసె పెనం మీద ఉండగానే కిందికి వ్యాను వచ్చిన చప్పుడైంది. హాల్లోకి వచ్చి చూస్తే వేద కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉంది. నేను దువ్వి కట్టిన జడ ఊడదీసుకుంది. ఆ రిబ్బను ఎడమచేతి చుట్టూ చుట్టుకుని, కుర్చీ చేతికి కలిపి, ఒక కొస పంటితో పట్టుకుని లాగుతోంది. ముడి పడటం లేదు. రిబ్బను జారిపోతోంది, మళ్ళీ చుడుతోంది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"కట్టుకుంటే రానిస్తారు" అంది.

దగ్గరికి వెళ్ళి రిబ్బను పట్టుకున్నాను. విప్పుతుంటే అది పొరపాటుగా అర్థం చేసుకుంది. రెండు చేతులూ నా ముందుకు చాచింది, నాకు వీలుగా ఉండేటట్టు మణికట్లు పైకి తిప్పి మరీ.

"నువ్వే కట్టమ్మా" అంది. "కుప్పయ్య తాత కడితే ఊడిపోతుంది. నువ్వయితే గట్టిగా కడతావు."

కింద హారను కొట్టారు. కోమలి గొంతు కాబోలు, "వేదా, రా" అని పిలిచింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, రావడం లేదని చెయ్యి ఊపాను. వ్యాను వెళ్ళిపోయింది. లోపల దోసె మాడిన వాసన వస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే వేద అలాగే కూర్చుని ఉంది, కదలకుండా, చేతులు నా వైపు చాచి.